లోపలి కొలత

విజయనగరంలో ఇల్లు తాకట్టు పెట్టి అప్పు తీసుకోవాలన్నా, అన్నదమ్ములు వాటాలు పంచుకోవాలన్నా ఆ రోజుల్లో ముందుగా నాకే కబురు వచ్చేది. నా పేరు ఏసుదానం. ఓవర్సీరు చదువు చదివి, కొన్నాళ్ళు రోడ్ల శాఖలో ఎండల్లో తిరిగి, అది ఒంటికి పడక ఇళ్ళకి విలువ కట్టే పనిలోకి దిగాను. నలభై దాటేదాకా ఇళ్ళు తప్ప ఇంకేవీ చూడలేదు.

ఇల్లు నాకు మనిషిలా అర్థమయ్యేది. వంటింట్లో మసి చూస్తే పొయ్యి రోజూ వెలుగుతోందో లేదో తెలిసిపోయేది. పిల్లలు ఆనుకుని కూర్చునే చోట గోడ సున్నం తలనూనెకి నల్లబడి ఉండేది. వేలి కణుపులతో గోడ మీద కొట్టి, లోపల మట్టో ఇటుకో చెప్పేసేవాణ్ణి. కొలతలప్పుడు టేపు రెండో కొస ఇంట్లోవాళ్ళే ఎవరో ఒకరు పట్టుకునేవారు. ఇంటావిడ కొంగు దోపుకుని పట్టుకునేది, లేదంటే ముసలాయన వణుకుతూ పట్టుకునేవాడు. అదంతా బాగానే ఉండేది. కాని వాళ్ళు నా వెనకే గది గదికీ వచ్చేవారు. నా మొహంలోకే చూసేవారు. నేనేం రాస్తానో అన్న భయం వాళ్ళ కళ్ళలో కనబడేది. రాత్రి కంచం ముందు కూర్చుంటే ఆ కళ్ళే గుర్తొచ్చేవి.

పంతొమ్మిది వందల అరవై ఎనిమిదిలో వానాకాలం ముగుస్తుండగా బ్యాంకు ఏజెంటు నరసింగరావు గారు నన్ను పిలిపించారు. పెద్దమనిషి, నా మీద అభిమానం ఉన్నవారు.

"ఇంకెన్నాళ్ళండీ ఈ ఇళ్ళు పట్టుకుని తిరగడం? మిల్లులు చూడండి, గోదాములు చూడండి. ముందు ముందు పనంతా అక్కడే. గవర్నమెంటువాళ్ళు ధాన్యం పెట్టుకోడానికి గోదాముల కోసం ఊరూరా వెతుకుతున్నారు" అన్నారు.

"ఆ లెక్క నాకు కొత్తండీ" అన్నాను.

"కొత్తేముంది? ఇల్లయితే గోడలతో కలిపి బయట కొలుస్తారు. గోదాము లోపల కొలవాలి. అద్దె వచ్చేది లోపలి జాగాకి. ఎంత సరుకు పడుతుందన్నదే మనకి కావలసింది. అక్కడ ఎవరున్నారు, ఎలా ఉన్నారు, అదంతా మనకి అనవసరం."

ఆ చివరి మాట నాకు నచ్చింది. ఎవరూ కాపురం ఉండని చోట ఎవరి కళ్ళూ ఉండవు కదా అనుకున్నాను.

మొదటి పని బొబ్బిలి అవతల మూతపడిపోయిన ఒక నార ప్రెస్సు. రైతుల దగ్గర గోగునార కొని, మిషను కింద నొక్కి, మంచమంత బేళ్ళు కట్టి రైలెక్కించేవారట. సావుకారు చనిపోయాడు, వారసులు కలకత్తాలో ఉన్నారు. ఒక బియ్యం వర్తకుడు దాన్ని కొని గవర్నమెంటుకి అద్దెకిద్దామని బ్యాంకులో అప్పడిగాడు. ఇది సరిగ్గా చేసుకొస్తే ఇకమీద మిల్లుల పనులన్నీ నాకేనని నరసింగరావు గారు మాటిచ్చారు.

బయల్దేరిన ఉదయం మా ఆవిడ ఎలీసమ్మ టిఫిను డబ్బాలో అన్నం సర్దుతూ, "మనుషులుండని చోట్లకి వెళ్ళే పనేమిటండీ ఇది?" అంది.

"ఉండరనే వెళ్తున్నానే" అన్నాను నవ్వుతూ.

ఆవిడ చర్చివాళ్ళ మిషన్ స్కూల్లో టీచరు. దేనికీ భయపడే మనిషి కాదు. ఆ రోజు మాత్రం గుమ్మం దాకా వచ్చి నా కోసం చిన్నగా ప్రార్థన చేసి పంపింది.

బొబ్బిలిలో రైలు దిగి ఒంటెద్దు బండి మాట్లాడుకున్నాను. గోగు కోసి చెరువుల్లో నానవేసే రోజులు. దారి పొడుగునా ఆ కుళ్ళు వాసనే. మనుషులు మొలలోతు నల్లటి నీళ్ళలో నిలబడి కట్టల్ని బాదుతూ నార తీస్తున్నారు. దూరాన పార్వతీపురం వైపు కొండల మీద మబ్బు కమ్మి ఉంది. ఆ కొండల్లో గొడవలు జరుగుతున్న కాలం. పొద్దుగూకితే బస్సులు ఆపేస్తున్నారు, వెలుగుండగానే తిరిగొచ్చెయ్యండి బాబూ అని బండివాడు రెండుమూడుసార్లు చెప్పాడు. ప్రెస్సు గేటు దాకా రాలేదు. రైలుకట్ట దగ్గరే దింపేసి, సాయంత్రం ఇక్కడే ఉంటానన్నాడు.

ప్రెస్సు అంటే పెద్దగా ఏమీ మిగల్లేదు. మిషన్లు ఎప్పుడో ఊడబెరికి అమ్మేశారు. ఆవరణ నిండా తుమ్మమొక్కలు. మధ్యలో గోదాము ఒక్కటి నిలబడి ఉంది. పొడుగ్గా, ఎత్తుగా, ఇనప రేకుల కప్పుతో. ముందు పెద్ద తలుపు, ఎడంపక్క చిన్న తలుపు, అంతే. కిటికీలు లేవు. నిప్పురవ్వలు పడకుండా నార గోదాములకి కిటికీలు పెట్టరు. చూరు కింద చిన్న చిన్న కంతలు, వాటికీ గోనెలు కుక్కేశారు. పట్టపగలు కూడా ఆ కట్టడం కళ్ళు మూసుకున్నట్టుగా ఉంది.

గేటు పక్కన తాటాకు పాక. అందులోంచి కాపలా మనిషి దాలయ్య బయటికొచ్చాడు. అరవై దాటిన మనిషి, ఎండిన చింతబరికెలా ఉన్నాడు. వెనకాలే అతని భార్య దేముడమ్మ.

"బేంకు బాబుగారేటండీ? రండి రండి. మనిసన్నోడు వచ్చి ఎన్నాళ్ళైనాదో" అన్నాడు.

"ఇప్పటికీ జీతం ఇస్తున్నారా దాలయ్యా నీకు?"

"జీతమేటి బాబూ! సావుకారు పోయినాక మమ్మల్నడిగినోడు లేడు. ఊరికే ఉన్నాం."

"మరెందుకుండటం?"

అతను తలపాగా విప్పి మళ్ళీ చుట్టుకున్నాడు. దేముడమ్మ గ్లాసుతో చోడి అంబలి తెచ్చిచ్చింది. ఆమె నా వంక చూడలేదు, గోదాము వంకా చూడలేదు. ఆ కట్టడానికి వీపు తిప్పి నిలబడటం ఆమెకి అలవాటైపోయినట్టుంది. పాక గుమ్మం కూడా గేటు వైపే ఉంది.

అలవాటు కొద్దీ ముందు బయటే కొలిచాను. దాలయ్య కొస పట్టుకున్నాడు, నేను టేపు చుట్టుండే తోలుడబ్బా పట్టుకుని చదివాను. పొడవు తొంభై అడుగులు వచ్చింది. గోడ మీద కణుపులతో కొట్టి చూశాను. మంచి ఇటుక, గట్టి పని. ఇంకో వందేళ్ళుంటుంది. అంతలో కొండల మీది మబ్బు మా నెత్తి మీదికి వచ్చేసింది. మధ్యాహ్నమే మునిమాపులా అయిపోయింది. నాలుగు పెద్ద చినుకులు రేకుల మీద పడి టకటకమన్నాయి.

"లోపల కూడా కొలిచేస్తే నా పనైపోతుంది" అన్నాను.

దాలయ్య తాళం తీశాడు. పెద్ద తలుపు రెక్క ఒకటే తెరుచుకుంది. చల్లటి గాలి మొహాన కొట్టింది. పాత నార వాసన, గబ్బిలాల వాసన, దాని కింద ఇంకేదో... తడిసిన మట్టి వాసన లాంటిది. తలుపు నుంచి పడిన వెలుగు కాసింత దూరం పోయి ఆగిపోయింది. అవతల ఏమీ లేదు. చీకటి కూడా కాదు, ఒట్టి నలుపు.

"నువ్వు కొస పట్టుకుని చివరి గోడ దాకా నడు. గోడకి ఆనించి పట్టుకుని చెప్పు. నేనిక్కడ వెలుగులో చదువుతాను" అన్నాను.

దాలయ్య టేపు కొసనున్న ఇత్తడి కొక్కెం పట్టుకుని లోపలికెళ్ళాడు. ఎడంపక్క మొదటి స్తంభం దాకా అతని తెల్ల తలపాగా కనిపించి, దాని వెనక మాయమైంది. నేను గుమ్మం దగ్గర కూర్చుని డబ్బా ఒళ్ళో పెట్టుకున్నాను. టేపు నెమ్మదిగా జారిపోతోంది. ఒకచోట ఆగింది. మళ్ళీ కదిలింది. ఈసారి ఇంకా నెమ్మదిగా. వాన పెరిగింది. రేకుల మీద హోరు తప్ప ఇంకేమీ వినబడటం లేదు.

టేపు ఆగింది.

"పట్టుకున్నావా?" అని అరిచాను.

టేపు ఒక్కసారి చిన్నగా లాగినట్టయింది.

చదివాను. ఎనభై ఏడు. బయటి కొలతలోంచి గోడల మందం తీసేస్తే సరిగ్గా అంతే రావాలి. సంతోషం వేసింది. టేపు కొంచెం కూడా వేలాడలేదు. తీగలా బిగిసి ఉంది. దాలయ్యకి చెయ్యి బాగా తిరిగిందే అనుకున్నాను.

"ఇంకోసారి బిగించు, సరిచూస్తాను!"

బిగిసింది.

"చాలు. వదిలెయ్."

వదల్లేదు.

"దాలయ్యా, వదిలెయ్!"

"వస్తన్నా బాబూ, లాంతరు వత్తి తడిసిపోనాది."

ఆ మాట నా వెనక నుంచి వచ్చింది.

తిరిగి చూశాను. వానలో, గోనె నెత్తిన కప్పుకుని, చేతిలో లాంతరుతో దాలయ్య పాక దగ్గర నుంచి నడిచి వస్తున్నాడు.

ఒళ్ళో డబ్బా ఉంది. టేపు బిగిసే ఉంది.

"నువ్వు... నువ్వు లోపలికెళ్ళావు కదా?"

"ఎల్లాను బాబూ. కాలు కనపడలేదు. ఆ మొదటి స్తంభానికి మేకుంటే కొక్కెం దానికి తగిలించి, పక్క తలుపులోంచి బయటికెల్లి లాంతరు తెస్తన్నాను. మీకు సెప్పాను గదా, వానలో ఇనపడనేదేటి?"

మొదటి స్తంభం నాకు కనిపిస్తూనే ఉంది. దగ్గరే ఉంది. మేకు కూడా కనిపిస్తోంది. మేకుకి ఏమీ లేదు. దాని పక్క నుంచి నా టేపు నడుమెత్తున గాలిలో తిన్నగా సాగి, ఆ నలుపులోకి వెళ్ళిపోయింది.

దాలయ్య కూడా చూశాడు. లాంతరు టేపు వైపు చాపాడు. అతను భయపడలేదు. అతని మొహం చూస్తే నాకే భయం వేసింది. ఆ ముసలి మొహం చిన్నపిల్లాడి మొహంలా వెలిగిపోతోంది.

"లాగినాదా బాబూ?" అన్నాడు గుసగుసగా. "సెప్పండి. లాగినాదా?"

"లాగింది..."

"సిన్నగా? ఒక్కపాలే?"

తల ఊపాను.

"మా గుంట అలాగే లాగేది" అన్నాడు. కళ్ళ నుంచి నీళ్ళు ధారగా కారుతున్నాయి. "మా సిన్నతల్లి. ఏటైనా కావాలంటే నా పంచె కొస పట్టుకుని ఒక్కపాలి లాగేది."

లాంతరు ఎత్తి టేపు వెంబడే లోపలికి నడిచాడు. నేను వెనక్కి పోయుండాల్సింది. డబ్బా అక్కడే పడేసి గేటు దాటి పోయుండాల్సింది. ఎందుకో అతన్ని ఒక్కణ్ణీ పంపబుద్ధి కాలేదు. డబ్బాలోకి టేపు చుట్టుకుంటూ వెంట నడిచాను.

నడుస్తూనే చెప్పాడు. చిన్నతల్లి వాళ్ళ కూతురు. ఈ ప్రెస్సులోనే పనిచేసేదట. ఒకనాడు వెనకవైపు పేర్చిన బేళ్ళు కూలిపోయాయి. కింద ఎవరూ లేరని సావుకారు అన్నాడు. దాలయ్య పొరుగూరు నుంచి వచ్చేసరికి ఆ చోటుకి అడ్డంగా గోడ లేచిపోయింది. కప్పు పాడైంది, అటు వెళ్తే ప్రమాదం, బేళ్ళు అలాగే ఉండనీ అన్నాడు సావుకారు. మీ పిల్ల తేయాకు తోటల కూలీలతో అస్సాం వెళ్ళిపోయిందని చెప్పాడు.

"నాను నమ్మలేదు బాబూ. ఏళ్ళ తరబడి ఈ గోడ కాడ కూకుని పిలుస్తన్నాను. ఒక్కనాడు కూడా కదలలేదు, మెదలలేదు. ఇయాల మీకు అందినాది."

లాంతరు వెలుగులో గోడ కనిపించింది. ఇటుకల గోడ, పూత లేదు. కప్పు రేకుల దాకా కట్టేశారు. గుమ్మం నుంచి అక్కడికి అరవై అడుగులకి మించి ఉండదు. నా టేపు ఆ గోడ దగ్గర ఆగలేదు. రెండు ఇటుకల మధ్య సున్నం రాలిపోయిన సన్నటి సందులోంచి అవతలికి వెళ్ళిపోయింది. ఎనభై ఏడు అడుగుల దగ్గర, అవతల చివరి గోడకి ఆనించి, ఎవరో దాన్ని పట్టుకుని ఉన్నారు.

"మనం వెళ్ళిపోదాం దాలయ్యా" అన్నాను. "ఊళ్ళోవాళ్ళని తీసుకుని పొద్దున్నే వద్దాం."

"పొద్దున్న నాకు పలకదు బాబూ. మీకు పలికినాది." అతను నాకూ దారికీ మధ్యన నిలబడ్డాడు. చేతులు జోడించాడు కాని తప్పుకోలేదు. "అడగండి. ఒక్కమాట. నువ్వేనా అని అడగండి."

"దాలయ్యా..."

"మీ కాళ్ళట్టుకుంటాను. అడగండి."

మనసులో ప్రభువు పేరు తలుచుకున్నాను. సందు దగ్గరికి వంగాను. చల్లగా ఏదో నా పెదాలకి తగిలింది. గాలి. లోపలి నుంచి వస్తోంది. ఆగుతోంది. మళ్ళీ వస్తోంది.

"చిన్నతల్లీ..." అన్నాను. "నువ్వేనా?"

టేపు కదిలింది. ఒక్కసారి లాగడం కాదు. నెమ్మదిగా, ఆగకుండా... లోపలికి పోతోంది. డబ్బాలో చుట్ట తిరుగుతున్న చప్పుడు. అవతల గోడ దాటి ఎక్కడికి పోతుంది? అక్కడ గోడ ఉంది. నేనే కొలిచాను, బయట. అయినా పోతోంది. టేపు అయిపోయింది. డబ్బా నా చేతిలోంచి జారి వెళ్ళి సందుకి కొట్టుకుని ఆగింది. పట్టుకుందామని చెయ్యి వేశాను. నా వేళ్ళు సందు మీద పడ్డాయి.

అవతల నుంచి ఇంకేవో వేళ్ళు వాటిని తాకాయి.

చెయ్యి వెనక్కి లాక్కోలేకపోయాను. అవి పట్టుకోలేదు. తడుముతున్నాయి. గుడ్డివాళ్ళు మొహం తడిమినట్టు, నా గోళ్ళ మీద, కణుపుల మీద... అప్పుడు వినిపించింది. ఇటుక అవతల, నా చెవికి బాగా దగ్గరగా. ఆడగొంతు.

"గంట కొట్టేసినారా?"

వెనక్కి పడ్డాను.

"ఏటన్నాది? ఏటన్నాది బాబూ?" దాలయ్య నా భుజాలు పట్టి కుదిపేస్తున్నాడు.

"గంట కొట్టారా అని అడుగుతోంది..."

"పని దిగిపోయే గంట!" దాలయ్య గోడ మీద పడి ఏడ్చాడు. "కొట్టేసినారమ్మా! ఎప్పుడో కొట్టేసినారు! వచ్చేయే తల్లీ, వచ్చేయి!"

గోడ అవతల నుంచి మళ్ళీ, ఈసారి అతనికి కూడా వినబడేలా... "తలుపు తియ్యండి. గంట కొట్టేసినారు."

దాలయ్య లాంతరు కింద పెట్టి పరుగెత్తాడు. పక్క తలుపు దగ్గర గునపం ఉంది కాబోలు, ఇనుము నేలకి గీసుకున్న చప్పుడయింది. అదే తలుపులోంచి దేముడమ్మ లోపలికి వచ్చింది. మొగుడి కేక విని వచ్చినట్టుంది. వానకి నిలువునా తడిసిపోయి ఉంది. నేల మీద పడి ఉన్న నా దగ్గరికి వచ్చి కూర్చుంది.

"ఏటైనాది బాబూ?"

లేచి కూర్చున్నాను. ఆ తల్లికి ఒక్క మంచి మాట చెప్పగలననిపించింది.

"మీ అమ్మాయి మాట్లాడిందమ్మా. లోపలే ఉంది. నాతో మాట్లాడింది."

దేముడమ్మ నా మొహంలోకి చూసింది. ఆ రోజు ఆమె నన్ను చూడటం అదే మొదటిసారి.

"మా సిన్నతల్లి మూగది బాబూ" అంది.

నేను గోడ వైపు తిరిగాను.

"పుట్టుకతోనే మూగది. ఒక్క మాట రాదు. ఏటి కావాలన్నా లాగి సూపించేది."

గోడ అవతల నుంచి సన్నగా, ఓపిగ్గా... "తలుపు తియ్యండి."

దేముడమ్మ నా మోచెయ్యి బిగించి పట్టుకుంది. "ఆడు ఇనడు. నా మాట ఇనడు. మీరు సదువుకున్నోరు. గోడ కొడితే కప్పు కూలిపోతాదని సెప్పండి. సెప్పండి బాబూ, మీ కడుపు సల్లగా!"

దాలయ్య గునపంతో వచ్చాడు. ఆ గోడ కప్పుని మోయడం లేదని నాకు తెలుసు. ఎవరు కొట్టినా కప్పుకి ఏమీ కాదు. పనిలో నేనెప్పుడూ లేనిది ఉందని చెప్పలేదు. ఆ క్షణంలో చెప్పాను.

"వద్దు దాలయ్యా! కప్పు దాని మీదే ఆగి ఉంది. కొడితే మన నెత్తిన కూలుతుంది!"

"కూలనీ బాబూ" అన్నాడు.

"ఓలయ్యా, మన గుంటకి మాట రాదు గదా! ఆ గొంతెవులిది? ఆలోసించు!" దేముడమ్మ అతని నడుము పట్టుకుంది.

అతను ఒక్క క్షణం ఆగాడు. లాంతరు వెలుగు కింద నుంచి అతని మొహం మీద పడుతోంది.

"నాకు తెల్దేటే?" అన్నాడు చాలా మెల్లగా. "అక్కడికెల్లినాక మాట వచ్చినాదేమో."

ఆమెని విదిలించుకుని కొట్టాడు.

మొదటి దెబ్బకే అవతలి గొంతు ఆగిపోయింది. ముసలి చేతుల్లో అంత బలం ఎక్కడిదో. ఇటుకలు రాలుతున్నాయి. దుమ్ము లేచి లాంతరు ఎర్రగా మారింది. దేముడమ్మ మోకాళ్ళ మధ్య తల పెట్టుకుని కూర్చుంది. నేను ఆమె పక్కనే కూర్చుని నోటికి వచ్చిన కీర్తన చదువుతున్నాను. సగం మరిచిపోతున్నాను, మళ్ళీ మొదలెడుతున్నాను. మనిషి దూరేటంత కంత పడింది. దాలయ్య గునపం పడేసి, లాంతరు తీసుకుని, పాక్కుంటూ లోపలికి వెళ్ళిపోయాడు.

చప్పుడు లేదు.

వాన కూడా ఆగిపోయింది. ఎప్పుడాగిందో తెలీదు.

"దాలయ్యా?"

చాలాసేపటికి పలికాడు. "ఏటీ లేదు బాబూ."

కంతలోంచి తల పెట్టి చూశాను. దాలయ్య చివరి గోడ దగ్గర, నాకు వీపు పెట్టి, లాంతరు ఎత్తి పట్టుకుని నిలబడి ఉన్నాడు. నిజంగానే ఏమీ లేదు. ఎముకలు లేవు. బట్ట పేలిక లేదు. కూలిన బేళ్ళని అలాగే వదిలేసి గోడ కట్టారన్నాడు కదా, ఆ బేళ్ళు లేవు. నార పోచ ఒక్కటి లేదు. నేల అద్దంలా తుడిచి ఉంది. నా టేపు ఒక్కటే నేల మధ్యన చుట్టలుగా పడి ఉంది.

దాలయ్య అక్కడే కూలబడ్డాడు. అతను ఏడుస్తాడనుకున్నాను. ఏడవలేదు. "ఇన్నాళ్ళూ నానెవులికి కాపలా ఉన్నాను బాబూ?" అన్నాడంతే.

దేముడమ్మ కంత దాకా వచ్చింది. లోపలికి చూడలేదు. చెయ్యి మాత్రం చాపింది. "రాయ్యా. ఇక సాలు. మనం ఎల్లిపోదాం."

అతను ఆ చెయ్యి పట్టుకుని బయటికి వచ్చాడు. టేపు తెస్తానన్నాడు. వద్దన్నాను.

వెలుగుండగానే ఆ చోటు వదిలేశాం. వాళ్ళ సామానంతా ఒక గోనెలో పట్టింది. రైలుకట్ట దగ్గర బండివాడు ముగ్గుర్నీ ఎక్కించుకున్నాడు. వాళ్ళని చీపురుపల్లి దగ్గర దేముడమ్మ తమ్ముడింట్లో దిగబెట్టి నేను ఇల్లు చేరాను. ఎలీసమ్మ తలుపు తీసి నన్ను చూసి, నీళ్ళు కాచిపెట్టింది.

గోదాము సరుకు నిలవకి పనికిరాదని రాసిచ్చాను. ఎందుకని నరసింగరావు గారు అడిగారు. చెమ్మ అన్నాను. ఆయన నా రిపోర్టు మడిచి పెట్టి, "మీరు ఇళ్ళే చూసుకోండి ఏసుదానంగారూ" అన్నారు. కోపంతో కాదు. అప్పటి నుంచి ఇళ్ళే చూస్తున్నాను. ఇంటివాళ్ళు నా వెనకాలే గది గదికీ వస్తుంటే ఇప్పుడు నాకు బరువనిపించదు. రమ్మని నేనే పిలుస్తాను. దాలయ్య తర్వాత తేరుకున్నాడు. బావమరిది మేకలు కాస్తూ, మనవల వరసైన పిల్లల్ని భుజానెక్కించుకుని తిరిగేవాడు. ఒకసారి సంతలో కనబడి, మా గుంట అస్సాంలోనే ఉందేమో బాబూ అన్నాడు. అయ్యుంటుంది దాలయ్యా అన్నాను.

ఒక్క సంగతి మాత్రం అతనికి చెప్పలేదు. ఎలీసమ్మకీ చెప్పలేదు.

కంతలోంచి వంగి చూసినప్పుడు, పడిపోకుండా ఉండటానికి కొత్తగా పగిలిన గోడ లోపలివైపు చెయ్యి ఆనించాను. బయట నిలబడి కట్టిన గోడకి అవతలి ముఖం ఎప్పుడూ మొరటుగా ఉంటుంది. ఇటుకల మధ్య సున్నం ముద్దలు ముద్దలుగా బయటికి వచ్చి అలాగే ఎండిపోతుంది. ఇది అలా లేదు. లోపలివైపు కింద నుంచి కప్పు దాకా నున్నగా పూత పూసి ఉంది. తాపీతో కాదు, అరచేతులతో. ఆ గీతలు నాకు స్పష్టంగా కనిపించాయి. ఆ గదికి తలుపు లేదు, కిటికీ లేదు, మనిషి పట్టే సందు లేదు. పూసిన వాళ్ళు లోపలే ఉండి పూయాలి.

నా అరచేయి ఆ పూతకి అతుక్కుంది. ఊడదీసుకుని చూసుకున్నాను. తెల్లగా, తడిగా అంటుకుని ఉంది. అప్పుడే కలిపిన సున్నంలా ఇంకా వెచ్చగా ఉంది.